అమ్మ కీ ఇవ్వని రోజు

అమ్మ జ్ఞాపకార్థ కూడిక ముగిశాక, మద్రాసు పురసవాక్కంలో ఆమె ఇన్నేళ్ళూ అద్దెకున్న వాటా ఖాళీ చేయడానికి వెళ్ళాను. ఒక గది, ఒక వంటగది, మధ్యలో నీళ్ళ తొట్టి. చీరలు మడతపెట్టి సంచుల్లో వేసేసరికి మధ్యాహ్నమైంది. గిన్నెలు పక్క వాటావాళ్ళకు ఇచ్చేశాను. చివరికి అటక మీద, చిరిగిన పాటల పుస్తకాల వెనక, ఒక చెక్క పోపులపెట్టె చేతికి తగిలింది. మూత జరపగానే వచ్చిన వాసన ఆవాలదీ కాదు, జీలకర్రదీ కాదు. పెట్రోలు, తుప్పు, వాటి అడుగున ఎక్కడో కాస్త మెంతులు. ఎప్పుడో పారేశానని అమ్మ నాతో చెప్పిన పెట్టె అది. స్టూలు దిగి నేల మీదే కూర్చుండిపోయాను. ఇంటి ఓనరు కోడలు తొంగి చూసి, "ఏం ఆంటీ, తల తిరుగుతా ఉండాదా? కొంచం మోరు తెచ్చేదా?" అని అడిగింది. ఆ పిల్ల తెలుగు సగం తమిళమే అయినా, ఆ పూట నన్ను పలకరించిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె తెచ్చిన మజ్జిగ తాగి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆ పెట్టె అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పెళ్ళైన కొత్తలోనే మా నాయన దాన్ని కాజేశాడు. ఆయన పేరు దేవదానం. అంబత్తూరులో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మీద పని. రోజంతా ఇనుము చెక్కిన మనిషికి ఇంటికొచ్చాక మళ్ళీ ఇనుమే కావాలా అని అమ్మ దెప్పేది. ఆయనకు కావలసింది మాత్రం చేతి గడియారాలు, అందులోనూ రష్యావి. అందుకు కారణం గొప్ప అభిరుచి ఏమీ కాదు, అవి చవక. హార్బరులో దిగిన ఓడ మనుషులు అమ్ముకుపోయినవి, ఎవరో కొనుక్కుని పాడుచేసుకున్నవి, బర్మా బజారు చివర గుడ్డ పరుచుకుని కూర్చునేవాళ్ళ దగ్గర గుట్టగా పడి ఉండేవి. పెద్ద వాచీ షాపులవాళ్ళు వాటిని ముట్టుకోరు. "ఇది వాచీ గాదప్పా, రైలింజను" అని నవ్వి వెనక్కిచ్చేస్తారు. నిజంగానే అవి లావుగా, బరువుగా ఉండి, పక్క గదిలోకి వినబడేంత గట్టిగా కొట్టుకునేవి. డయలు మీద ఆ తలకిందుల అక్షరాలు మా వీధిలో ఎవరికీ చదవడం రాదు. అందుకని నాయన వాటికి తన ఇష్టమొచ్చిన పేర్లు పెట్టేవాడు. ముందుకు పరిగెత్తేదాని పేరు మేస్త్రీ. ఎంత సరిచేసినా వెనకబడేదాని పేరు పాస్టరుగారు. చచ్చిన గడియారాలు మూడు తెచ్చి, ఒకదాని చక్రం, ఇంకొకదాని స్ప్రింగు, మూడోదాని డయలు కలిపి ఒక బతికిన గడియారం చేయడం ఆయన పద్ధతి. మిగిలిన ముక్కలన్నీ పోపులపెట్టెలోకి పోయేవి. ఆవాల గుంటలో మరలు, జీలకర్ర గుంటలో చక్రాలు, ఎండుమిరపకాయల గుంటలో ముళ్ళు. "తాలింపులో మర పడిందంటే తినేది నువ్వేనయ్యా, నాకేం బోయింది" అని అమ్మ అనేది. ఒకసారి నిజంగానే పడింది. ఆయన పంటి కింద నుంచి తీసి, కడిగి, గడియారంలో బిగించుకున్నాడు.

ఆదివారం గుడి నుంచి రాగానే ఆయన చొక్కా విప్పి, కిటికీ దగ్గర చాప పరిచి, పింగాణీ పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. అప్పటి నుంచి ఇంట్లో ఫ్యాను ఆగిపోవాలి. గాలికి వెంట్రుకంత స్ప్రింగు ఎగిరిపోతే వెతకడం ఎవరి తరమూ కాదు. మద్రాసు ఎండలో, రేకు కప్పు కింద, ఫ్యాను లేకుండా మేం ముగ్గురం చెమటలు కక్కుతూ ఉండేవాళ్ళం. చీపురు పట్టకూడదు, తలుపు గట్టిగా వేయకూడదు, తుమ్మొస్తే బయటికి పరిగెత్తాలి. ఒక పక్క పెట్రోలు గిన్నె వాసన, ఇంకో పక్క పొయ్యి మీద చేపల పులుసు వాసన, ఈ రెండూ కలిస్తేనే నాకు ఆదివారం. కంటికి అద్దం పెట్టుకుని వంగిన నాయన వీపు మీద చెమట కాలువలు కడుతుంటే అమ్మ విసనకర్ర తెచ్చి, ముందు వైపు గాలి తగలకుండా, వెనక నుంచి మెల్లగా విసిరేది. విసురుతూనే తిట్టేది. "పక్కింటాయన ఆదివారమైతే పెళ్ళాన్ని బీచికి తోడుకోని పోతాడు. నాకు రాసిపెట్టింది ఈ తుప్పు ముండలు." నాయన తల ఎత్తకుండా, "సుమ్మా ఉండవే, చెయ్యి వణుకుతాది" అనేవాడు. ఆగిన చక్రం ఒక్కసారి కదిలి కొట్టుకోవడం మొదలుపెట్టిన క్షణాన ఆయన అరిచేవాడు కాదు, నవ్వేవాడు కాదు. అద్దం తీసేసి అమ్మతో, "సుగుణా, ఫ్యాను ఏసుకో" అనేవాడు. అంటే గడియారం బతికిందని అర్థం.

బతికినవాటన్నిటికీ రోజూ పొద్దున్నే కీ ఇచ్చే పని మాత్రం అమ్మది. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపల, గోడకు కొట్టిన మేకులకు వేలాడుతున్న గడియారాలను ఒక్కొక్కటే తీసి, చెవి దగ్గర పెట్టుకుని, బొటనవేలితో గుండీ తిప్పేది. ఏది ఎంతవరకు తిరుగుతుందో, ఎక్కడ బిగుసుకుంటుందో ఆమె వేళ్ళకు తెలుసు. చివర నాయన చేతి గడియారం. దానికి కీ ఇచ్చి, ఆయన బస్సుకు బయల్దేరేముందు చేతికి ఇచ్చేది. లేతు పని వల్ల తన వేళ్ళు మొద్దుబారిపోయాయని, ఆ చిన్న గుండీ పట్టు దొరకదని ఆయన అనేవాడు. చిన్నప్పుడు నేను అది నమ్మాను. ఆవగింజలో సగం లేని మరను పట్టకారుతో పట్టి బిగించే మనిషికి గుండీ పట్టు దొరక్కపోవడమేమిటని నాకు పెళ్ళైన చాలా ఏళ్ళకు గాని తట్టలేదు. అది ఆయన ముద్దు. పైకి చెప్పుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు కాబట్టి ఇలా ఒక పని పెట్టుకున్నారు.

వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారని వీధికి తెలియదుగాని నాకు తెలిసేది. ఆ మర్నాడు పొద్దున అమ్మ అన్ని గడియారాలకూ కీ ఇచ్చి, నాయనది మాత్రం మేకుకే వదిలేసేది. ఆయన ఏమీ అనకుండా తీసి కట్టుకుని వెళ్ళిపోయేవాడు. ముందురోజు కీ మీద అది పగలంతా నడిచి, సాయంత్రం పని దిగే వేళకు ఆగిపోయేది. ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆగిన గడియారం విప్పి, వంటగది గడప మీద అమ్మ ముందర పెట్టేవాడు. ఒక్క మాట కూడా ఉండదు. అమ్మ కాసేపు దాన్ని చూడనట్టు కూర ముక్కలు తరిగేది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, తీసుకుని, కీ ఇచ్చేది. అంతటితో పోట్లాట అయిపోయినట్టు. ఆ రాత్రి అన్నంలో నాయనకు ఒక ముక్క ఎక్కువ పడేది. తాను కీ ఇచ్చుకుని ఆ గొడవను తప్పించుకోవాలని ఆయన ఎప్పుడూ చూడలేదు. పోట్లాట ఎంత పెద్దదైనా సరే, గడియారం ఆగాల్సిందే, ఆమె ముందుకు రావాల్సిందే.

చివరి పోట్లాట అమ్మ సొంత గడియారం గురించి. పెళ్ళికి నాయన ఇచ్చిన చిన్న ఆడవాళ్ళ గడియారం, అదీ రష్యాదే, బొట్టుబిళ్ళంత ఉండేది. అది ఆగిపోయి చాలాకాలమైంది. బాగుచేస్తానని ఆయన వాయిదా వేస్తూ వచ్చాడు, ఆమె అడుగుతూ వచ్చింది. వర్క్‌షాపులో ఆయనతో పనిచేసే మాణిక్యం మామ కూతురికి పెళ్ళి కుదిరింది. ఆ పిల్లకు పెట్టడానికని మామ అచ్చం అలాంటి గడియారమే ఎక్కడో పట్టుకొచ్చి, బతికించి ఇమ్మని నాయనకిచ్చాడు. అందులో బ్యాలెన్సు చక్రం విరిగింది. ఇంట్లో అలాంటి చక్రం ఉన్నది ఒక్కచోటే. ఆదివారం అమ్మ విసనకర్ర పట్టుకుని వెనక నిలబడి చూస్తే, పళ్ళెంలో తన గడియారం పొట్ట తెరుచుకుని ఉంది, లోపల చక్రం లేదు.

"అది నాది గదా" అంది.

"నీది ఎట్టాగూ ఆగిపొయ్యుండేదేనే. పెండ్లి కూతురు కట్టుకునేది. నీకు ఇంకోటి దొరుకుతాది, తెచ్చి ఏస్తా."

"చచ్చిపొయిందని తేల్చేసినావా?"

నాయనకు ఆ మాట అర్థం కాలేదు. మూడు చచ్చినవాటి నుంచి ఒకటి బతికించే మనిషికి అది రోజూ చేసే పనే. తన భార్య ఆ గడియారాన్ని చచ్చినవాటిలో లెక్కవేసుకోలేదని, బతకబోయేవాటిలో ఉంచుకుని ఎదురుచూస్తోందని ఆయనకు తట్టలేదు. అమ్మ విసనకర్ర కింద పెట్టేసి వంటగదిలోకి వెళ్ళింది. మాణిక్యం మామ కూతురి గడియారం ఆ సాయంత్రమే కొట్టుకుంది. ఫ్యాను వేసుకోమని నాయన చెప్పినా ఎవరూ లేచి వేయలేదు.

మర్నాడు పొద్దున అమ్మ అన్నిటికీ కీ ఇచ్చింది, ఆయనదానికి తప్ప. నేను బడికి జడ వేసుకుంటూ చూశాను. నాయన మేకు మీది గడియారం తీసి కట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం కాకముందే మాణిక్యం మామ మా బడికి వచ్చి నన్ను పిలుచుకుపోయాడు. లేతు ముందర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఒరిగిపోయాడట. గుండె. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి లేడు. ఇంట్లో అప్పటికే ఆడవాళ్ళు చేరారు. మామ తన జేబు రుమాలులో చుట్టిన గడియారాన్ని అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ రుమాలు విప్పలేదు. సాయంత్రం నాయనను తెచ్చి పడుకోబెట్టి, స్నానం చేయించి, గుడికి వేసుకునే తెల్ల చొక్కా తొడిగాక, అప్పుడు విప్పింది. అందరూ చూస్తుండగా బొటనవేలితో గుండీ పట్టుకుని తిప్పింది. కొంచెం తిప్పి ఆగిపోయింది. ఆ చేతిని అలాగే గాలిలో పట్టుకుని, "నేను కీ ఈలేదే, నేను కీ ఈలేదే" అని పెద్దగా ఏడ్చింది. అంతవరకు ఆమె ఏడవలేదు. తర్వాత ఆ గడియారాన్ని ఆయన చేతికి కట్టింది. మర్నాడు కీల్పాక్ సమాధుల తోటలో పెట్టె మూత వేసే ముందు నేను వంగి ముద్దు పెట్టుకున్నప్పుడు అది నా చెవికి దగ్గరగా కొట్టుకుంటూనే ఉంది. మట్టి పోశాక ఇంకా ఎంతసేపు కొట్టుకుంటుందో అని ఆలోచిస్తూ ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

వీధికి ఒక మాట దొరికింది. "ఆ పొద్దున పెండ్లాం కీ ఈలేదంట, మొగుడు ఆగిపోయినాడంట" అని కొళాయి దగ్గర అనుకున్నారు. చెడ్డవాళ్ళేం కాదు, కష్టం వస్తే అన్నం పెట్టినవాళ్ళే. వినడానికి బాగుంది కాబట్టి అన్నారు. నేనూ నమ్మాను. అమ్మ కూడా అదే నమ్మి కుమిలిపోతోందని అనుకున్నాను, ఎందుకంటే ఆమె గోడ మీది గడియారాలన్నిటినీ మేకులతో సహా పీకి, వర్క్‌షాపువాళ్ళను పిలిచి తలా ఒకటి పంచిపెట్టేసింది. పోపులపెట్టె పారేశానంది. ఒక బడిలో ఆయాగా చేరింది. అక్కడ గంట కొడతారు కాబట్టి ఆమెకు గడియారం అవసరం రాలేదు. నాయన ఊసు ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. నేను చదివి, పోస్టాఫీసులో ఉద్యోగం చేసి, పెళ్ళి చేసుకుని, కోడంబాక్కం చేరాను. ఇన్ని జరిగినా మా మధ్య ఆ పొద్దున గురించి ఒక్క మాట జరగలేదు.

రిటైరైన తర్వాత ఒకరోజు సెంట్రల్ స్టేషను దగ్గర ఫుట్‌పాత్ మీద, పాత చార్జర్ల కుప్పలో, ఒక చిన్న రష్యా ఆడవాళ్ళ గడియారం కనిపించింది. అమ్మ గడియారానికి అక్కచెల్లెలిలా ఉంది. కొని తెచ్చుకున్నాను. అక్కడ పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను, నేర్చుకోవడంలో ఎన్నిటిని చంపానో చెప్పుకుంటే సిగ్గు. ఇప్పుడు ఈ గడియారాలను ఫోనులోనే అమ్ముతారు. చాలావాటికి పాత డయలు గీకేసి ఎరుపూ ఆకుపచ్చా రంగులు పూస్తారు, బొమ్మల కొలువులో పెట్టినట్టు మెరుస్తాయి. లోపల తుప్పు అలాగే ఉంటుంది. నేను ఫ్యాను ఆపి కూర్చుంటే మా ఆయన, "కరెంటు బిల్లు తగ్గాలంటే రష్యావాళ్ళకు దణ్ణం పెట్టాల" అంటూ హాల్లోకి పోయి ఏసీ వేసుకుంటారు. మంచి మనిషి. ఆయన చేతికున్నది రాత్రిపూట చార్జి పెట్టే గడియారం, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో కూడా చెబుతుంది. మేము పోట్లాడుకుంటే ఏదీ ఆగదు. ఆయన గదిలో ఆయన, నా గదిలో నేను, రెండు ఫోన్లు, రెండు రోజులకు దానంతటదే చల్లారిపోతుంది. ఎవరు ముందు తగ్గారో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించదు. మా అమ్మానాయనల ఇరుకూ లేమీ నాకు మళ్ళీ వద్దు. కానీ ఆ గడప మీద పెట్టిన గడియారంలాంటిది మా ఇంట్లో ఒక్కటి కూడా లేదని తలుచుకుంటే దిగులేస్తుంది.

అమ్మ చిన్న గడియారాన్ని నేను అడిగి తీసుకున్నాను. ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చింది. సరిపోయే బ్యాలెన్సు చక్రం దొరకడానికి చాలాకాలం పట్టింది. దొరికినవి రెండు నా చేతుల్లోనే వంకరపోయాయి. ఆ పనిలోనే నాకు ఒక సంగతి బోధపడింది. నిండా కీ ఇచ్చిన గడియారం ఒక పగలూ ఒక రాత్రీ నడిచి, ఆ పైన మరుసటి పగలు కూడా లాగుతుంది. నాయన గడియారం కీ ఇవ్వని రోజుల్లోనూ సాయంత్రం దాకా నడిచేది. ఆయన పోయింది మధ్యాహ్నం కాకముందే. అంటే ఆయన గుండె ఆగినప్పుడు గడియారం ఆగలేదు, అమ్మ ముందురోజు ఇచ్చిన కీ మీద నడుస్తూనే ఉంది. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్ళుగా ఎవరమూ వేయలేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ గడియారం కొట్టుకోవడం మొదలుపెట్టిన రోజే పురసవాక్కం వెళ్ళాను.

అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. గడియారం తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. వినికిడి తగ్గినా దాని చప్పుడు విన్నట్టుంది. ఒక పక్క పెదవి కదిలింది.

"నాదేనా?"

"నీదేనమ్మా. లోపల చక్రం ఒకటి వేరేది."

గుండీ మెల్లగా తిప్పింది. ఆ వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయిగాని పద్ధతి మరిచిపోలేదు. అప్పుడు చెప్పాను. "అమ్మా, ఆ పొద్దు నువ్వు కీ ఈలేదని ఇన్నాళ్ళూ కుములుకుంటా ఉండావు. అది ఆగలేదమ్మా. నువ్వు ముందురోజు ఇచ్చిన కీ మీదనే నడస్తా ఉండింది, నాయన పొయ్యేటప్పుడు గూడా. ఆ వీధిలోవాళ్ళ మాటలు ఇంక మనసులో పెట్టుకోబాక."

అమ్మ చిక్కుళ్ళు పక్కకు నెట్టింది.

"అది ఆగలేదని నాకు తెలీదా పాపా? రోజూ కీ ఇచ్చింది ఎవురు, నేనా నువ్వా? వీధిలోవాళ్ళు అనేదానికి నేను ఏడస్తానా?"

"మరి ఆ పొద్దు అట్టా ఏడిస్తివి గదా, నేను కీ ఈలేదే అని."

"మీ నాయనకి కట్టే ముందర తిప్పినా గదా. ముందురోజు నేనిచ్చిన కీ అయితే అప్పటికి అయిపొయ్యుండాల. చానాసేపు తిరగాల. కొంచం తిప్పంగానే బిగుసుకునింది." గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తూ అంది. "నేనీలేదు. ఆ పొద్దున ఆయనే ఇచ్చుకోని పొయ్యినాడు."

పెద్ద వరంలా మోసుకొచ్చిన లెక్క నా చేతిలోనే చెదిరిపోయింది.

"సందేళకి ఆగిపోతాదిలే, తెచ్చి నా ముందర పెడతాడు, అప్పుడు ఇస్తాలే అని చేపలు గూడా తెప్పించి పెట్టుంటి. ఎన్ని కొట్లాటలు పడినా ఆయన ఒక్కసారన్నా కీ ఇచ్చుకోలేదు పాపా. ఆ పొద్దు ఇచ్చుకున్నాడు. కోపం తీరిపొయ్యి, సుగుణకి ఎందుకులే బాధ అని ఇచ్చుకున్నాడా? నీ చెయ్యి నాకింక వద్దు పో అని ఇచ్చుకున్నాడా? అదొక్కటి నాకు తెలీలే. ఎవుర్ని అడిగేది?"

కిటికీ బయట ఎవరో ఆటోవాడు హారను కొడుతున్నాడు. ఏ గడియారమైనా సరే, విప్పి చూస్తే ఎక్కడ దెబ్బ తగిలిందో ఇప్పుడు నాకు తెలుస్తుంది. కీ ఇచ్చిన చేతిలో కోపముందో ప్రేముందో మాత్రం తెలియదు. అయినా నేను ఆమె చెయ్యి పట్టుకుని, "కోపం తీరే ఇచ్చుకోనుంటాడమ్మా. నాయన అట్టాంటి మనిషి కాదు" అన్నాను.

అమ్మ చిక్కుళ్ళు మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"నువ్వు ఆయన కూతురివి," అంది. "అట్టనే అంటావు."